కృష్ణా డెల్టా మిషన్ హైస్కూళ్లు: సమాజ జీవనం, విలువలు, విద్యార్థుల వ్యాపకాలు

గుడివాడ, మచిలీపట్నం, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో క్రైస్తవ సంఘాలు నడిపిన, నడుపుతున్న ఉన్నత పాఠశాలలను జనం మిషన్ స్కూళ్లంటారు. వీటిలో పాతదీ పేరుమోసిందీ మచిలీపట్నం (బందరు)లోని నోబుల్ పాఠశాల. 1843లో మొదలై తర్వాత కళాశాల స్థాయికి ఎదిగిన ఈ బడి ఆంధ్రదేశంలో ఇంగ్లీషు చదువు నేర్పిన తొలి సంస్థల్లో ఒకటి. గుడివాడ నుంచి బందరు నలభై కిలోమీటర్ల లోపే. విజయవాడ–భీమవరం రైలుమార్గం నుంచి బందరు లైను చీలేది గుడివాడ జంక్షన్‌లోనే. పెద్దచదువుకు బందరు వెళ్లడం ఈ చుట్టుపక్కల ఊళ్లకు పాత అలవాటు కాబట్టి గుడివాడ ప్రాంతపు క్రైస్తవ పాఠశాల జీవితం గురించి చెప్పాలన్నా బందరు నుంచే మొదలుపెట్టాలి.

ఈ బడుల ప్రవేశ పత్రాల్లో ప్రేమ, సేవ, క్రమశిక్షణ అన్న మాటలు తప్పకుండా కనిపిస్తాయి. ఏ యాజమాన్యం బడి పత్రం చూసినా అవే ఉంటాయి గనుక వాటివల్ల తేలేదేమీ లేదు. ఇక్కడి విలువల సంగతి తెలియాలంటే బెంచీ మీద ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, భోజనాల దగ్గర ఎవరు వడ్డిస్తే ఎవరు తిన్నారో చూడాలి. నూట ఎనభై ఏళ్లలో ఈ పాఠశాలల సమాజం తగువుపడిందీ, మారిందీ ఎక్కువగా ఈ రెండు చోట్లే.

నోబుల్ దొర బడి

రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ (1809–1865), హెన్రీ వాట్సన్ ఫాక్స్ (1817–1848) చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో బందరు చేరారు. ఇద్దరూ పని పంచుకున్నారు. ఊళ్లు తిరిగి సువార్త చెప్పడం ఫాక్స్ వంతు. నోబుల్ తెలుగు నేర్చుకుని 1843 నవంబరు 21న ఇంగ్లీషు బడి తెరిచాడు. ఆరోగ్యం పాడై ఇంగ్లండు తిరిగి వెళ్లిన ఫాక్స్ 1848లో చనిపోయాడు. నోబుల్ పెళ్లి చేసుకోలేదు, సెలవు మీద ఒక్కసారి కూడా స్వదేశం పోలేదు. ఇరవై నాలుగేళ్లు బందరులోనే ఉండి 1865 అక్టోబరులో అక్కడే కన్నుమూశాడు.

ఫాక్స్ చిన్నప్పుడు చదివింది ఇంగ్లండులోని రగ్బీ స్కూల్లో. ఆయన చనిపోయాక ఆ స్కూలు వాళ్లు చందాలు వేసుకుని, ఆయన పేరిట బందరు బడిలో ఒక ఉపాధ్యాయుడి జీతం భరించే ఏర్పాటు చేశారు. ఆ కొలువుకు రగ్బీ–ఫాక్స్ మాస్టరు అని పేరు పడింది. ఎక్కడో ఇంగ్లండు కుర్రాళ్ల చేతిఖర్చు డబ్బులు బందరులో బ్రాహ్మణ, వెలమ ఇళ్ల పిల్లలకు లెక్కలు, వ్యాకరణం చెప్పించాయన్నమాట.

పై ఇళ్ల పిల్లలనే చెప్పడానికి కారణం ఉంది. నోబుల్ తన బడిలో మాల, మాదిగ పిల్లలను చేర్చుకోలేదు. అగ్రవర్ణాలు ముందు చదివి మారితే మిగతా సమాజం వెంట వస్తుందని ఆయన నమ్మకం. అందరినీ కలిపి కూర్చోబెడితే ఆ ఇళ్ల వాళ్లు గేటు దాకా కూడా రారని ఆయన అంచనా. అంతకు పదేళ్ల ముందే, 1833లో, కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ సంఘంలో కులభేదం పాటించరాదని కచ్చితంగా ఆదేశించాడు. చర్చిలో చెల్లని కులం చర్చి వారి బడిలో చెల్లిందంటే సాటి మిషనరీలకే మింగుడుపడలేదు. నోబుల్ భక్తినీ, ఓర్పునూ మెచ్చుకునే చరిత్రకారులు కొందరు ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. కానీ బడి మొదటి రెండు దశాబ్దాల స్వభావాన్ని నిర్ణయించింది ఈ నియమమే.

ఆ నియమం కూడా ఊరి ఆగ్రహం నుంచి బడిని కాపాడలేకపోయింది. 1852లో మంచాల రత్నం అనే బ్రాహ్మణ విద్యార్థి, ఐనాల భూషణం అనే వెలమ విద్యార్థి క్రైస్తవం పుచ్చుకున్నారు. ఊరు భగ్గుమంది. పెద్దలు పిల్లల్ని మాన్పించేశారు, తరగతులు ఖాళీ అయ్యాయి. తర్వాత ఒకరొకరుగా తిరిగొచ్చారు. కచేరీల్లో, కోర్టుల్లో ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి, అది బాగా చెప్పే బడి బందరులో మరొకటి లేదు. రత్నం, భూషణం ఆ తర్వాత గురుపట్టం పొందారు. జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా ఇక్కడే క్రైస్తవుడై, కేంబ్రిడ్జిలో పట్టం పుచ్చుకుని, మిషనరీగా కలకత్తాలో పనిచేశాడు. ఇన్నేళ్ల చరిత్రలో మతం మారిన విద్యార్థులు పిడికెడు మంది. మారకుండా చదువుకుని వెళ్లినవాళ్లే నూటికి తొంభై తొమ్మిది మంది. ఈ బడి ప్రభావం కొలవాల్సింది ఆ రెండో జాబితాలో.

బ్రహ్మసమాజి మాస్టారు, జాతీయవాద శిష్యులు

ఆ ప్రభావం గురించి చెప్పాలంటే మొదట రావాల్సిన పేరు ఒక ఉపాధ్యాయుడిది. రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939) బందరులో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లర్ దగ్గర చదివి, 1890లలో నోబుల్ కళాశాలలో ఇంగ్లీషు చెప్పారు. ఆయన బ్రహ్మసమాజి. మిషన్ కళాశాలలో క్రైస్తవుడు కాని ఈ గురువే విద్యార్థుల నడవడి మీద అందరికన్నా గట్టి ముద్ర వేశారు. మద్యపానం, భోగం మేళాలు, అస్పృశ్యత – మూడింటి మీదా ఆయన ధ్వజమెత్తారు. పెళ్లిళ్లలో మేళం పెట్టించడం పరువుగా భావించే రోజుల్లో, అలాంటి పెళ్లి పందిట్లో కాలు పెట్టకూడదని కుర్రాళ్లకు నూరిపోయడం చిన్న సాహసం కాదు. తర్వాత సికిందరాబాదు మహబూబ్ కళాశాలకూ, అటుపైన కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకూ ప్రిన్సిపాలుగా వెళ్లినా ఆయన బోధన విత్తనం పడింది బందరు నేలలోనే.

ఆయన ప్రభావంలో పెరిగిన నోబుల్ విద్యార్థుల్లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు (1879–1945), భోగరాజు పట్టాభి సీతారామయ్య (1880–1959) ఉన్నారు. ముట్నూరి 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు దశాబ్దాల పాటు సంపాదకుడయ్యారు. పట్టాభి 1923లో బందరులోనే ఆంధ్రా బ్యాంకు స్థాపించి, ఆపైన కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. 1907లో బిపిన్ చంద్రపాల్ బందరు వచ్చి వందేమాతరం ఉపన్యాసాలిచ్చాక ఊళ్లో జాతీయ విద్య మాట బలపడింది. 1910లో కోపల్లె ముందు నిలిచి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. దొరల చదువు వద్దు, చేతిపనులతో కూడిన స్వదేశీ చదువు కావాలన్న ఆ సంస్థను కట్టింది దొరల బడిలో చదివినవాళ్లు. గురువులు చెప్పిన పాఠం శిష్యులు మరీ బాగా వంటబట్టించుకున్నారని నోబుల్ కళాశాల వాళ్లు అప్పట్లో నవ్వుకున్నారో, నొచ్చుకున్నారో గానీ ఆ రెండు సంస్థల మధ్య పోటీ వల్ల బందరు విద్యార్థి లోకం రెండుమూడు తరాల పాటు ఎప్పుడూ ఏదో ఒక సభతో, చర్చతో సందడిగా ఉండేది.

పాలేల నుంచి బోర్డింగుకు

ఈలోగా ఊళ్లలో వేరే కథ నడుస్తోంది. 1859లో బెజవాడ వైపు రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద, మిషనరీ థామస్ యంగ్ డార్లింగ్ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. దాంతో పాలేలకు పాలేలే క్రైస్తవంలోకి రావడం మొదలైంది. ఇటు డెల్టా లోపలి ఊళ్లలో కెనడియన్ బాప్టిస్టులు ఆకివీడు, ఉయ్యూరు, అవనిగడ్డ కేంద్రాలుగా పనిచేశారు. నోబుల్ ఊహించిన క్రమం తలకిందులైంది: సంఘం కింది నుంచి పెరిగింది. కాలువ నీళ్లతో పంట పండే డెల్టాలో, ఆ పంట కోసే చేతులవాళ్ల పిల్లలకు అక్షరాలు చెప్పే పని మిషన్ బడుల మీద పడింది.

పల్లెలో ప్రాథమిక బడి పెట్టడం తేలిక. చర్చి అరుగే బడి, ఉపదేశకుడే పంతులు. ఐదో తరగతి దాటాక చదవాలంటే పట్నం రావాలి, పట్నంలో ఉండాలంటే తిండి కావాలి. ఆ అవసరంలోంచి పుట్టిందే బోర్డింగు. డెల్టా క్రైస్తవ కుటుంబాల్లో తాతలు, అమ్మమ్మలు తమ చదువు గురించి మాట్లాడేటప్పుడు మేం ఫలానా స్కూల్లో చదివామనరు, ఫలానా బోర్డింగులో పెరిగామంటారు.

బోర్డింగు దినచర్య ఎక్కడైనా ఒకటే మాదిరి. తెల్లవారుజామున గంట, వరుసగా ప్రార్థన, నీళ్లు తోడడం, ఆవరణ ఊడ్చడం, చదువు. పళ్లేలు ఎవరివి వాళ్లవే. అడుగున మేకుతో గీసుకున్న పేరు చూసి గుర్తుపట్టుకునేవాళ్లు. కట్టెలు మోయడం, బియ్యం ఏరడం వంతులవారీగా పిల్లలదే. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. మజ్జిగ ఆదివారం దక్కితే దక్కినట్టు. వార్డెనుగారు, ఆయన భార్య 'అమ్మగారు' ఇద్దరూ భయానికీ భరోసాకీ ఒకే చిరునామా. ఈ ఏర్పాటును మరీ తియ్యగా చెప్పుకోవాల్సిన పని లేదు: కొరడా శిక్షలు, చాలీచాలని తిండి, ఇంటి మీద బెంగ అన్నీ ఉన్నాయి. అయినా వేర్వేరు పాలేల పిల్లలు, మాల, మాదిగ ఇళ్లవాళ్లు, అక్కడక్కడా వెనుకబడిన కులాల పిల్లలు ఒకే దాకలోది ఒకే వరుసలో కూర్చుని తినడం ఆనాటి డెల్టా ఊళ్లలో మరోచోట కనిపించని దృశ్యం. మాల–మాదిగ భేదం పాలేల్లో, చర్చి బెంచీల మీద కూడా పాతుకుపోయి ఉండగా బోర్డింగు పంక్తిలో అది కాస్త వదులైంది, పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం.

ఆడపిల్లల బోర్డింగు ఇంకా పాతది. బందరులో షార్కీ దంపతులు నడిపిన బాలికల వసతి బడి 1864 నాటికే పేరు పొందింది.

ఉప్పెన తెచ్చిన పాఠం

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద విరుచుకుపడ్డ తుపాను, దాని వెంట వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నాయి. షార్కీ బాలికల బడిలో పిల్లలు చాలామంది ఆ నీళ్లలో పోయారు. బందరు మిషన్ సమాజం ఆ రాత్రిని తరాల పాటు చెప్పుకుంది. 113 ఏళ్ల తర్వాత, 1977 నవంబరు 19న, దివిసీమకు అదే గతి పట్టింది. అధికారిక లెక్కే దాదాపు పది వేల మంది మరణం. చూసినవాళ్ల లెక్క అంతకన్నా చాలా పెద్దది. అవనిగడ్డ ప్రాంత నాయకుడు మండలి వెంకట కృష్ణారావు సహాయ చర్యల్లో ముందుండగా, రామకృష్ణ మిషన్, క్రైస్తవ సంస్థలు, స్వచ్ఛంద సంఘాలు ఇళ్లు, తుపాను షెల్టర్లు కట్టించాయి. ఆ షెల్టర్లలో చాలా వాటిని మామూలు రోజుల్లో బడులుగా వాడుకున్నారు. ఈ ప్రాంతంలో సేవ అనే మాటకు అర్థం పుస్తకంలోంచి వచ్చింది తక్కువ. బురదలోంచి బియ్యం బస్తాలు మోసిన అనుభవంలోంచి వచ్చింది ఎక్కువ.

ఉదయపు ప్రార్థన

మిషన్ హైస్కూల్లో రోజు మొదలయ్యేది అసెంబ్లీతో. సాధారణంగా ముందు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట, తర్వాత వాక్యపఠనం, హెడ్మాస్టరుగారో, తెలుగు పండితుడో చెప్పే రెండు మాటలు, ప్రార్థన. ఆ తర్వాత 'మా తెలుగు తల్లికి', ప్రతిజ్ఞ, వార్తలు, జాతీయగీతం. దేశమంతా బడుల్లో చెప్పించే ఆ ప్రతిజ్ఞను మొదట తెలుగులో రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో.

కీర్తనల పుస్తకం గురించి ఒక మాట. ఇందులో పాటలు చాలావరకు కర్ణాటక రాగాల్లో, తాళాలతో కూర్చినవి. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవులు యక్షగానాల, జావళీల పలుకుబడిని భక్తికి మలిచారు. అందువల్ల రోజూ బడిలో పాడే హిందూ పిల్లవాడికి ఆ పాట పరాయిగా తోచదు. మృదంగం, హార్మోనియం వాయించడం చాలామంది మొదట నేర్చుకున్నది అసెంబ్లీ గుంపులోనే. పది గంటల ఎండలో మైదానంలో నిలబడి నాలుగు చరణాలూ పాడించే హెడ్మాస్టరు అంటే మాత్రం పిల్లలకు ఎప్పుడూ కాస్త కోపమే.

తర్వాత బైబిలు పీరియడు. పూర్వం అది అందరికీ తప్పనిసరి. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 28వ అధికరణం మూడో నిబంధన ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ పొందే సంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు హాజరు పరచకూడదు. కాబట్టి క్రైస్తవ విద్యార్థులు వాక్య తరగతికీ మిగతావాళ్లు నీతిబోధ తరగతికీ వెళ్లే పద్ధతి వచ్చింది. తప్పిపోయిన కుమారుడు, మంచి సమరయుడు లాంటి ఉపమాన కథలు రెండు గదుల్లోనూ వినిపిస్తూనే ఉంటాయి.

కోత పండుగ, క్రిస్మస్

పాఠశాల సంవత్సరంలో రెండు పెద్ద వేడుకలు కోత పండుగ, క్రిస్మస్. మొదటిది డెల్టాకు బాగా సరిపోయిన పండుగ. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య దోర్నకల్ అధ్యక్ష మండలంలో గ్రామీణ పండుగల పద్ధతిని చర్చిలోకి తీసుకొచ్చారు. తర్వాత కృష్ణా, గోదావరి ప్రాంతాల సంఘాలు కూడా ఆ మండలంలో చేరాయి.

కోత పండుగ రోజు బల్ల మీద వరి కంకులు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, అరటి గెలలు, కాళ్లు కట్టిన కోళ్లు, కుండల్లో బెల్లం పేరుస్తారు. ఇంట్లో వంటకు బియ్యం తీసేటప్పుడల్లా ఒక్కో గుప్పెడు పక్కన పెట్టి పోగేసిన బియ్యం సంచులు ఆడవాళ్లు తెస్తారు. ఆరాధన ముగిశాక వేలం. విద్యార్థులకు అసలు పండుగ ఇదే. వేలంపాట పాడేది సాధారణంగా పీఈటీ మాస్టారు, గొంతు పెద్దదిగనక. రెండు రూపాయల సొరకాయ పాస్టరుగారి, కరస్పాండెంటుగారి పోటీలో అంతకు ఎన్నో రెట్లకు ఎగబాకి, కొన్నవాళ్లే దాన్ని మళ్లీ బల్ల మీదికి కానుకగా ఇచ్చేస్తే ఇంకోసారి వేలం. ఆ డబ్బు పేద పిల్లల పుస్తకాలకు, బోర్డింగు బియ్యానికి పోతుంది. కోళ్లు తప్పించుకున్నప్పుడు వాటిని తరిమి పట్టే బాధ్యత ఎనిమిదో తరగతిది.

క్రిస్మస్‌కు ముందు డిసెంబరులో సెమీ క్రిస్మస్. వెదురు బద్దలతో నక్షత్రం కట్టడం, పశువుల పాక పేర్చడం, నాటకం. హేరోదు వేషానికి పోటీ ఎక్కువ, యోసేపుకు తక్కువ. ఆయనకు మాటలు తక్కువ కదా. కోలాటం, బుర్రకథ బాణీల్లో క్రీస్తు కథ చెప్పించడం తెలుగు మిషన్ బడుల ప్రత్యేకత. ఈ నాటకాల్లో హిందూ, ముస్లిం పిల్లలూ వేషాలు వేస్తారు.

ఆటలు, సంఘాలు

చెడుగుడు, ఖోఖో, వాలీబాల్‌తో పాటు కోస్తా జిల్లాల్లో బాగా ఆడే బాల్ బ్యాడ్మింటన్ ఈ మైదానాల్లో సాయంత్రాల ఆట. స్కౌట్స్ అండ్ గైడ్స్, ఎన్‌సీసీ, జూనియర్ రెడ్‌క్రాస్ ఇతర హైస్కూళ్లలో ఉన్నట్టే ఉంటాయి. క్రైస్తవ విద్యార్థులకు ప్రత్యేకంగా ఆదివారపు బడి, కంఠత వాక్యాల పోటీ, బైబిల్ క్విజ్, వేసవిలో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి). కళాశాల విద్యార్థుల్లో 1954లో ఏర్పడిన యూఈఎస్ఐ (యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా) బాగా పనిచేస్తుంది.

ఎయిడు, హోదా, ఇప్పటి స్థితి

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆంగ్లికన్ మిషన్ బడులు దాని చేతికొచ్చాయి. మచిలీపట్నం ప్రాంతం ఇప్పుడు విజయవాడ కేంద్రంగా ఉన్న కృష్ణా–గోదావరి అధ్యక్ష మండలం కిందకు వస్తుంది. బడి స్థాయిలో యాజమాన్యం అంటే కరస్పాండెంటు. జీతాలు ప్రభుత్వానివి, భవనాలు సంఘానివి. ఎయిడెడ్ బడులు దశాబ్దాలు ఇలాగే నడిచాయి. ఖాళీ పోస్టులు భర్తీ కాక, ఒకే మాస్టారు రెండు మూడు సబ్జెక్టులు చెప్పే పరిస్థితి క్రమంగా వచ్చింది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను సిబ్బందితో సహా తమకు అప్పగించడమో, ఎయిడు వదులుకోవడమో ఎంచుకోమన్నప్పుడు తల్లిదండ్రుల నిరసనలు చెలరేగాయి. తర్వాత నిర్ణయం మార్చుకునే వీలు ఇచ్చారు. పక్కనే కార్పొరేట్ బడుల ర్యాంకుల బోర్డులు వెలిశాక, స్థోమత ఉన్న కుటుంబాలు అటు నడిచాయి. ఇప్పుడు ఎయిడెడ్ మిషన్ బడుల్లో ఎక్కువగా మిగిలింది కూలి, కౌలు, ఆటో నడిపే కుటుంబాల పిల్లలే. ఒకప్పుడు పై ఇళ్ల పిల్లల కోసమే తలుపు తీసిన బడి సంప్రదాయానికి ఇది పూర్తి విరుద్ధ దిశ. ఈ మార్పును నష్టంగా చెప్పుకునేవాళ్లు సంఘంలో ఉన్నారు. ఈ వ్యాసకర్త వారితో ఏకీభవించడు.

మధ్యాహ్న భోజనం ఈ బడుల్లోనూ అమలవుతుంది. 2024లో దానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. బోర్డింగు వంటశాలలు మూతపడ్డ ఆవరణల్లో ఇప్పుడు అన్ని కులాల, మతాల పిల్లలు వరుసగా కూర్చుని తినేది ఆ అన్నమే.

చట్టం వైపు నుంచి మరో రెండు విషయాలు. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. విద్యా హక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది పిల్లల కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకూ, తర్వాతి సవరణలతో సిక్కులకూ బౌద్ధులకూ మాత్రమే. క్రైస్తవులైన దళితులను ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ గ్రూపులో, 1 శాతం రిజర్వేషనుతో ఉంచారు. అందుకే పదో తరగతి నామినల్ రోల్స్ నింపే రోజుల్లో, ఆఫీసు గది ముందు కుల ధ్రువపత్రాలు పట్టుకుని నిలబడ్డ వరుసలో, ఒకే పాలెం నుంచి వచ్చిన అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు వేర్వేరు గళ్లలో పేర్లు రాయించుకోవడం ఈ ప్రాంతపు గుమస్తాలకు కొత్త కాదు.